గోడలో పదకొండో రాయి

మే ఒకటో తారీకు పొద్దున తొమ్మిదిన్నరకి నేను చర్చిలో గంట గొలుసును పళ్ళతో కరిచి పట్టుకుని లాగుతున్నాను. పండగ రోజు అలా లాగితే మళ్ళీ పండగ దాకా పంటినొప్పి దగ్గరికి రాదు. నా వెనక ముప్పై మంది వరసలో నిలబడి తోసుకుంటున్నారు. అప్పుడే మా వీధి లొరేతా ఆయాసపడుతూ వచ్చి నా మోచెయ్యి పట్టుకుని ఊపేసింది.

"ఎర్సీలియా! మీ నాన్న పేరు కొట్టేస్తున్నారే! పరుగెత్తు!"

నోట్లో గొలుసు ఉంది, ఏమని అడగను? ఒక్క లాగు లాగి వదిలేస్తే సగం పళ్ళకే రక్ష అని మా అమ్మ అనేది. అందుకని రెండోసారి కూడా గంట మోగించి, అప్పుడు పరుగెత్తాను. పండగకని కుట్టించుకున్న ఎర్ర గౌను పైకి ఎత్తి పట్టుకుని, ఆ జనంలో అందరినీ తోసుకుంటూ పరుగెత్తాను.

మా నాన్న చెసీదియోకి డెబ్బై ఏడేళ్ళు. మా పునీత దొమెనీకో విగ్రహం చర్చి గడప దాటగానే దాని మెడలో మొదటి పాము వేసేది ఆయనే. నలభై ఒక్క ఏళ్ళుగా ఆయనే. ఆయన వేశాక మిగతావాళ్ళు తలా ఒకటి వేస్తారు. ఆ పాములన్నిటితో పునీతుడు ఊరంతా తిరిగొస్తాడు. మొదటి పాము తలమీదికి ఎక్కిందా, ఆ ఏడు పంటకి తిరుగులేదు. చేతి మీదికి జారిందా, ముసలమ్మలు మే నెలంతా గొణుగుతూనే ఉంటారు. దీనికి ఉన్నవి రెండే కట్టుబాట్లు. ఎవరు పట్టిన పాము వాళ్ళే వెయ్యాలి. పండగయ్యాక పట్టినచోటే వదలాలి.

బడి గదిలో పాములు వేసేవాళ్ళ పేర్లు రాస్తున్నారు. నేను వెళ్ళేసరికి అందరూ ఒక బల్ల చుట్టూ మూగి ఉన్నారు. బల్ల మీద మా నాన్న పాము పడుకుని ఉంది. నాలుగు నల్లచారలది, ఆరడుగుల పైన ఉంటుంది, విషం లేనిది. పక్కన పట్నం నుంచి వచ్చిన పశువుల డాక్టరమ్మ మిరెల్లా ఒక చిన్న యంత్రం పట్టుకుని నిలబడింది. పోయిన పండగకి మొదటిసారి ఆవిడ ప్రతి పాముకీ చర్మం కింద బియ్యపుగింజంత చిప్పు పెట్టింది. ఆ చిప్పును ఈ యంత్రం చదువుతుందట. ఇప్పటిదాకా ఇరవై రెండు పాముల మీద అది నోరు మెదపలేదు. మా నాన్న దాని మీద మాత్రం కీచుమని కూసింది.

"పోయినేటిదే ఇది. అదే నంబరు," అంది డాక్టరమ్మ, తప్పు తనే చేసినట్టు మొహం పెట్టి.

"ఇంకేం చెప్పాలి?" అన్నాడు పల్మెరీనో. పాములు పట్టేవాళ్ళందరికీ పెద్ద అతను. ఇరవై ఏళ్ళుగా మా నాన్న వెనక రెండో స్థానంలో నిలబడుతున్న మనిషి. "చెసీదియో అన్నా, దీన్ని నువ్వు వదల్లేదు. ఏడాది పొడుగునా నేలమాళిగలో గుడ్లు పెట్టి మేపావు. చూడు, ఎలా నిగనిగలాడుతోందో!"

"వదిలాను," అన్నాడు నాన్న.

"ఎక్కడ?"

"పట్టినచోట."

"అదే ఎక్కడ అంటున్నా?"

"అది నీకెందుకురా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పల్మెరీనో మీద సగం, నాన్న మీద సగం. ఆ చోటు ఆయన ఎవరికీ చెప్పడు. నలభై నాలుగేళ్ళ కూతుర్ని, నాకే చెప్పలేదు. పదేళ్ళప్పటినుంచీ అడుగుతున్నాను. "నేను పట్టలేని రోజున చెప్తాలే" అనేవాడు. నేను మాత్రం ఏటా పండగ రొట్టెలు కాల్చి, సోంపు కలిపిన పిండి చేతులతో దూరాన నిలబడి చప్పట్లు కొట్టాలి.

పాముల విషయంలో అబద్ధం మా ఊళ్ళో ఎందుకంత పెద్ద తప్పో చెప్పాలి. వెయ్యేళ్ళ కిందట దొమెనీకో ఈ కొండల్లో తిరిగే రోజుల్లో ఎవరో ఆయనకి గంపెడు చేపలు పంపారు. మోసుకొచ్చే కూలీలు సగం పొదలో దాచేసి, మిగతావి ఇచ్చి, ఇంతే పంపారు స్వామీ అన్నారు. ఆయన నవ్వి, పొదలో ఉన్నవి తీసుకునేటప్పుడు చెయ్యి జాగ్రత్త అన్నాడట. వెళ్ళి చూస్తే చేపలన్నీ బుసలు కొడుతున్నాయి! వాళ్ళు వచ్చి కాళ్ళ మీద పడితే మళ్ళీ చేపలు చేసి పెట్టాడు. ఊరు విడిచి వెళ్ళేటప్పుడు తన పన్ను ఒకటి పీకి మాకిచ్చి పోయాడు. అది వెండి భరిణెలో ఉంటుంది. పేరు రాయించేవాడు ఆ భరిణె మీద చెయ్యి పెట్టి, పోయినేటి పామును పట్టినచోటే వదిలానని చెప్పాలి. మా నాన్న చెప్పాడు. ఆయన చెప్పిన మరు నిమిషమే యంత్రం కూసింది. ఇక చూసుకోండి!

"పంటి మీద చెయ్యి పెట్టి అబద్ధమా అన్నా?" పల్మెరీనో గొంతులో ఈసారి వెటకారం లేదు. "నీ పేరు కొట్టెయ్యక నేనేం చెయ్యను? ఈ ఒక్క ఏడూ కాదు. ఇక ఎప్పటికీ కొట్టెయ్యాలి."

నాన్న మొహం పాలిపోయింది. నలభై ఒక్క ఏళ్ళు నిలబడ్డ చోటి నుంచి ఊరందరి ముందూ దొంగలా దిగిపోవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. నా నోరు ఊరుకోలేదు.

"మా నాన్న అబద్ధం చెప్పడు! చెప్తే ఇంత అధ్వానంగా చెప్పడు!"

ఎవరో కిసుక్కున నవ్వారు. డాక్టరమ్మ మెల్లగా అంది, "ఈ జాతి పాములకి ఇల్లు గుర్తుంటుందండీ. ఏటా ఒకే కన్నానికి తిరిగొస్తాయి. దాని చోట దాన్ని వదిలి చూస్తే తెలిసిపోతుంది. నేలమాళిగలో పెరిగినదైతే దిక్కులు చూస్తుంది."

అందరూ నాన్న వైపు తిరిగారు. నాకు రెండు సంగతులు ఒకేసారి తట్టాయి. వదిలి చూడాలంటే చోటు బయటపెట్టాలి. పాము ఇంట్లోకి దూరిపోతే నాన్న మాట నిజమవుతుంది గాని, పునీతుడి మెడలో వెయ్యడానికి చేతిలో పాము ఉండదు. నాన్నకీ అదే తట్టి ఉంటుంది. పామును తడిమి గుడ్డసంచిలో పెట్టాడు.

"బండి తియ్యరా పల్మెరీనో," అన్నాడు చివరికి. "అమ్మాయ్, నువ్వూ రా."

పల్మెరీనోకి మూడు చక్రాల సరుకుల బండి ఒకటుంది. ముందు వాళ్ళిద్దరూ ఇరుక్కున్నారు. వెనక ఉల్లిపాయల బస్తాల మధ్య నేను, నా ఒళ్ళో గుడ్డసంచి, సంచిలో పాము. కొండ దారిలో ఆ బండి ఎగిరెగిరి పడుతుంటే నేను పునీతుణ్ణీ పల్మెరీనోనీ కలిపి తిట్టాను. పన్నెండింటికి విగ్రహం బయటికొస్తుంది. అప్పుడే పది దాటింది.

చోటు చూసి నాకు నవ్వాగలేదు. ఎక్కడో పెద్ద గుహ అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది కూలిపోయిన గొర్రెల దొడ్డి. మట్టి, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన పాత గోడ. చిన్నప్పుడు నేనక్కడ వంద సార్లు ఆడుకున్నాను.

"ఇదా? దీనికోసమా ఇంత గుట్టు?" అన్నాను.

నాన్న అప్పటికే ముందుకు నడిచాడు. గోడ మూల దగ్గర ఆగి, పై వరస రాళ్ళ మీద చెయ్యి వేసి, ఒక్కో రాయీ తడుముతూ నడిచాడు. పెదాలు కదులుతున్నాయి. ఒకచోట ఆగి, సంచి నా చేతిలోంచి తీసుకుని, మూతి విప్పి పామును గడ్డి మీదికి వదిలాడు.

అది కదల్లేదు. నాలుక రెండుసార్లు బయటికి తీసి మళ్ళీ లోపల పెట్టుకుంది, అంతే.

"చూశావా," అన్నాడు పల్మెరీనో. "దిక్కులు చూస్తోంది."

"నోరు ముయ్యి కాసేపు!" అన్నాను.

పాము కదిలింది. గోడ వైపు కాదు, దిగువకి! రెండు గజాలు పోయి, ఆగి, తల ఎత్తి, మెల్లగా వెనక్కి తిరిగింది. తిన్నగా వచ్చి నాన్న బూటు మీదుగా పాకి, అడుగు వరసలో పలకరాయి కింద తల పెట్టి లోపలికి దూరడం మొదలుపెట్టింది. అంత పొడవు పామూ తొందర లేకుండా, తనింట్లోకి తను వెళ్తున్నట్టు వెళ్ళిపోయింది. చివరికి తోక కొన కూడా మాయమైంది.

నేను గెంతాను. నిజంగానే గెంతాను, ఉల్లిపొట్టు అంటుకున్న పండగ గౌనుతో. పల్మెరీనో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తప్పు ఒప్పుకోవడానికి మాటలు వెతుక్కుంటున్నాడు పాపం.

అప్పుడు నాన్న అడిగాడు, "ఏమైంది? ఎటు పోయింది?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పట్టపగలు, ఎండ ఫెళ్ళున కాస్తోంది. పాము ఆయన బూటు మీదుగా పోయింది.

"నాన్నా," అన్నాను. "నీకు కనబడలేదా?"

ఆయన గోడ మీద కూర్చున్నాడు. "అంచులు కనబడతాయి. మధ్యలో అంతా పొగ. మనిషి మొహం చూస్తే చెవులుంటాయి, మొహం ఉండదు. ఆరేళ్ళయింది. కంటి వెనక పొర అట, బాగుపడదన్నారు."

"ఆరేళ్ళా! మరి పాముల్ని ఎలా పడుతున్నావు?"

"పట్టడం లేదమ్మా. అదొక్కత్తే. ఎండ కాసే పూట ఈ పలక మీద పడుకుంటుంది. నేను లెక్కపెట్టుకుంటూ వచ్చి చెయ్యి వేస్తాను. అది పారిపోదు. మిగతావి నేను వంగేలోపే పోతాయి. దాన్నే పట్టుకొస్తున్నా ఏటా, మళ్ళీ ఇక్కడే వదుల్తున్నా. అందులో అబద్ధం లేదు. కొత్తది పట్టానని నేను ఎవరితోనూ అనలేదు. మీరే అనుకున్నారు."

నాకు ఏడుపొచ్చింది. ఆరేళ్ళుగా రోజూ నా కొట్టుకొచ్చి రొట్టె తీసుకుని "ఇవాళ అలిసిపోయినట్టున్నావే" అనేవాడు. గొంతు విని అన్నాడా అది? నేను మొహం చూసి అన్నాడనుకునేదాన్ని. ఎంత మొద్దుదాన్ని!

అంతలో కింద లోయలోంచి పూజ గంట వినిపించింది. పదకొండు.

పల్మెరీనో గొంతు సవరించుకున్నాడు. "అన్నా, నా దగ్గర నాలుగున్నాయి. ఒకటి నీది. నేను పట్టానని ఎవడికి తెలుసు?"

"నాకు తెలుసు," అన్నాడు నాన్న. "పైన ఆయనకి తెలుసు. చేపలు దాచిన కూలీలు కూడా ఎవడికి తెలుసనే అనుకున్నారు. పదండి దిగుదాం. నువ్వే వెయ్యి మొదటిది. ఇరవై ఏళ్ళుగా మెడ చాపుకుని చూస్తున్నావుగా."

పల్మెరీనో మొహం చూడాలి! ఇన్నాళ్ళూ కోరుకున్నది చేతికొచ్చింది, తీసుకోవడానికి చేతులు రావడం లేదు. నేను కళ్ళు తుడుచుకుని బండి వైపు తిరిగాను. తిరిగిన దాన్ని అక్కడే ఆగిపోయాను.

గోడ అటు కొస నుంచి గడ్డి చీలుకుంటూ ఒకటి వస్తోంది. దానికీ నాలుగు చారలే. మా ఆడపాము కంటే సన్నగా, చురుగ్గా ఉంది. నేల మీద నాలుక ఆడిస్తూ మా పాము పాకిన జాడనే పట్టుకుని వస్తోంది. జతకట్టే ఈ రోజుల్లో మగపాములు చేసే పని అదే.

"నాన్నా," అన్నాను గుసగుసగా. "ఇంకోటి. మగది. పది అడుగుల్లో ఉంది."

ఆయన చటుక్కున తల ఎత్తాడు. "ఎండ నీకు ఎటుంది?"

"ఎదురుగా."

"మంచిది, నీ నీడ దాని మీద పడదు. తల జోలికి పోకు. మధ్యలో పట్టు. పట్టాక లాగకు, దాని వెంటే నడువు. బలం నీది కాదు, దానిదే అనుకో."

"నేనా? నేనెప్పుడు పట్టాను?"

"పిండి పిసుకుతావుగా రోజూ! అంతే గట్టిగా, అంతే మెత్తగా. వెళ్ళు!"

వెళ్ళాను. రెండడుగులు వేశానో లేదో అది నన్ను కనిపెట్టి గోడ వైపు ఎగిరినట్టే దూసుకుపోయింది. నేను ఆలోచించలేదు. పొట్ట మీద పడ్డాను. గౌను చిరిగిన చప్పుడు వినబడింది. చేతికి ఏదో చల్లగా, గట్టిగా తగిలింది, పట్టాను. అప్పటికే దాని తల రాళ్ళ సందులో ఉంది.

"లాగనా? లాగనా?" అని అరిచాను.

"లాగావంటే చంపుతా! ఆగు. అది ఊపిరి తీసుకుంటుంది. ఒళ్ళు మెత్తబడినప్పుడు అంగుళం వెనక్కి. మళ్ళీ ఆగు."

అరచేతిలో దాని కండరాలు బిగుస్తున్నాయి, వదులవుతున్నాయి. బిగిసినప్పుడు నేనూ ఊపిరి బిగబట్టాను. వదులైనప్పుడు అంగుళం. ఇంకో అంగుళం. పల్మెరీనో పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్క వేలు కూడా తగిలించకుండా, "అదీ! అదీ తల్లీ!" అని కేకలు పెడుతున్నాడు. వేలు తగిలితే పట్టింది ఇద్దరమవుతాం, లెక్కకి రాదు. చివరికి తల బయటికొచ్చింది. వచ్చీ రాగానే నా మీద భరించలేని కంపు వదిలి, మోచేతికి మూడు చుట్లు చుట్టుకుంది.

నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియదు. దాన్ని తీసుకెళ్ళి నాన్న చేతులకి అందించాను. ఆయన తల నుంచి తోక దాకా తడిమాడు.

"అయిదడుగులు. తోక కొన తెగి మానింది. మంచి వయసులో ఉంది." తర్వాత నా మోచేయి తడిమాడు. "నువ్వూ బానే ఉన్నావు. కంపు కొడుతున్నావంతే."

దిగేటప్పుడు పల్మెరీనో బండి ఎలా తోలాడో ఆ పునీతుడికే తెలియాలి. ఉల్లిపాయలు సగం దారిలోనే రాలిపోయాయి. పన్నెండుకి పది నిమిషాలుండగా బడి గదిలోకి ఊడిపడ్డాం. డాక్టరమ్మ యంత్రం పెట్టి చూసింది. అది నోరు మెదపలేదు. చిప్పు పెట్టి, కలం తీసుకుని అడిగింది.

"వదిలిన పాము?"

"తనింటికి పోయింది. నా కళ్ళతో చూశాను," అన్నాడు పల్మెరీనో, గదంతా వినేలా. "చెసీదియో అన్న మాట నిజం. నాదే తప్పు. రాయండి."

"కొత్తది ఎవరు పట్టారు?"

నేను నాన్న వైపు చూశాను. కూతురి చేతిలో ఉన్నా తన పేరే చెప్తాడేమోనని ఒక్క క్షణం అనిపించింది. చెప్తే నేను కాదనేదాన్ని కాదు.

"ఎర్సీలియా," అన్నాడు నాన్న. "చెసీదియో కూతురు. మొదటి పాము ఇకనుంచీ ఆవిడది."

చర్చి తలుపులు తెరిచారు. బాజాలు మొదలయ్యాయి. నలుగురు మోసేవాళ్ళ భుజాల మీద నల్ల అంగీ పునీతుడు మెల్లగా ఊగుతూ గడప దాటాడు. చౌరస్తా మొత్తం నా వైపే చూస్తోంది. చిరిగిన గౌను, జుట్టులో గడ్డి, ఒంటి నిండా పాము కంపు. చేతులెత్తి ఆయన మెడలో వేశాను. వేస్తుంటే దాని ఒళ్ళు నా వేళ్ళలోంచి జారిపోయింది, నాకు మాత్రం వదలబుద్ధి కాలేదు.

నాన్న గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. పరుగెత్తి ఆయన పక్కకి చేరాను.

"ఎక్కడుంది? చెప్పు, చెప్పు!"

"భుజం మీద ఉంది. చేతి వైపు చూస్తోంది నాన్నా... వద్దురా వద్దు... ఆగింది. వెనక్కి తిరిగింది. మెడ చుట్టూ వెళ్తోంది. గడ్డం కింద నుంచి... చెవి పక్కన..."

ఇక చెప్పనక్కర్లేకపోయింది. జనం ఒక్కసారిగా హోరెత్తారు. నాన్న నా చెయ్యి పట్టుకుని విరిచేసినంత పని చేశాడు.

"తలమీదికి ఎక్కింది కదూ!"

"ఎక్కి కూర్చుంది నాన్నా! కిరీటం చుట్టూ చుట్టుకుంది!"

ఊరేగింపు పొడుగునా ఆయన చెవిలో చెప్తూనే ఉన్నాను. ఎవరు ఏ కిటికీలోంచి పూలు చల్లారో, రెండో పాము ఏం చేసిందో, పల్మెరీనో ఏ మొహం పెట్టాడో అన్నీ చెప్పాను. ఆరేళ్ళ బాకీ ఒక్క పూటలో తీర్చేద్దామన్నట్టు నా నోరు మూతపడలేదు.

సాయంత్రం వైను కొట్టు దగ్గర ఊళ్ళో వాళ్ళంతా పల్మెరీనోని చుట్టుముట్టారు. గ్లాసు మీద గ్లాసు పోయించి, చెసీదియో రహస్యపు చోటు ఎక్కడో చెప్పమన్నారు. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. కోపంతో లేవబోయాను.

"ఏమోరా," అన్నాడు పల్మెరీనో, గ్లాసు ఖాళీ చేసి. "నాకీ మధ్య చూపు సరిగా ఆనడం లేదు."

నాన్న కళ్ళ సంగతి కూడా అతను ఎవరి దగ్గరా ఎత్తలేదు.

మూడో తారీకు పొద్దున పామును వదలడానికి నేనూ నాన్నా కొండెక్కాం. దొడ్డి మూలకి రాగానే నేను సంచితో తిన్నగా పలకరాయి దగ్గరికి నడిచాను.

"అలా కాదు," అన్నాడు నాన్న. "ఇటు రా. పై వరస మీద చెయ్యి పెట్టు. లెక్కపెట్టు."

"ఎందుకు నాన్నా? నాకు కనబడుతోందిగా."

"ఇప్పుడు కనబడుతుంది. కళ్ళు మూసుకో."

మూసుకున్నాను. ఆయన చెయ్యి నా చేతి మీద పెట్టాడు. ఒకటో రాయి గరుగ్గా ఉంది. రెండోది కదులుతోంది. అయిదో దాని మీద నాచు పట్టింది. ఇద్దరం కలిసి పైకే లెక్కపెట్టుకుంటూ వెళ్ళి పదకొండు దగ్గర ఆగాం. కింద పలక మీద ఏదో మెల్లగా కదిలిన చప్పుడు వినిపించింది.

"వచ్చింది," అన్నాం ఇద్దరం ఒకేసారి. నేనింకా కళ్ళు తెరవలేదు.